టెన్త్, ఇంటర్ పరీక్షలయ్యాక స్కీయింగ్: బెజవాడ నుంచి ఎక్కడికి వెళ్తే మంచు దొరుకుతుంది?

పటమట శ్రీను
ఆదివారం ఉదయం 8:40

అందరికీ నమస్కారం. మా పాప ఇంటర్ సెకండియర్, బాబు టెన్త్. పాప పరీక్షలు మార్చి 20 ప్రాంతానికి అయిపోతాయి, వాడివి నెలాఖరుకి గానీ తెమలవు. ఆ తర్వాత ఎంసెట్ గోల (పేరు మార్చారని తెలుసు, మా ఇంట్లో ఇంకా ఎంసెటే). నలుగురికీ కలిసొచ్చేది ఏప్రిల్ మొదటి వారం ఒక్కటే.

పాప పట్టుదల స్కీయింగ్. మంచులో నిలబడి ఫొటో దిగి రావడం కాదంట, నేర్చుకోవాలంట. మా ఆవిడకి చలి పడదు. వాడికి చేతిలో ఫోన్ ఉంటే ఎక్కడైనా ఒకటే. ఇక్కడ ఒక ట్రావెల్స్ వాళ్లు గుల్మార్గ్ ప్యాకేజీ చెబుతున్నారు, "ఏప్రిల్ పదిహేను దాకా స్నో గ్యారంటీ సార్" అని. అడ్వాన్స్ కట్టేముందు వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెబితే బాగుంటుంది. కశ్మీర్‌లో గుల్మార్గా, హిమాచల్‌లో మనాలీనా, ఉత్తరాఖండ్‌లో ఔలీనా?

కృష్ణలంక కుర్రోడు
ఆదివారం ఉదయం 8:52

ఏప్రిల్లో మంచా! బీసెంట్ రోడ్డులో ఐస్ గోలా బండి దగ్గర నిలబడన్నా, గ్యారంటీ నాది.

ఢిల్లీలో తెనాలి
ఆదివారం ఉదయం 10:15

శ్రీను గారూ, అడ్వాన్స్ ఆపండి. మంచు గ్యారంటీ అన్నవాళ్లని ఒక్కటే అడగండి, ఏ ఎత్తులో అని.

నేను ఢిల్లీలో ఉద్యోగం, చలికాలం సెలవు దొరికితే గుల్మార్గ్ పరుగెత్తే బాపతు. అక్కడ ఊరు ఉన్నది 2,650 మీటర్ల ఎత్తులో. హోటళ్లు, గోల్ఫ్ మైదానం, కొత్తవాళ్లు నేర్చుకునే మెల్లటి వాలులు, చిన్న లిఫ్టులు అన్నీ ఇక్కడే. గొండోలా (కేబుల్ కారు) మొదటి దశ ఎక్కితే కొంగ్డూరి, దాదాపు 3,080 మీటర్లు. రెండో దశ ఎక్కితే అఫర్వత్ కొండ భుజం మీద 3,950 ప్రాంతంలో దించుతుంది. ఏప్రిల్ మొదటి వారానికి ఊళ్లో మంచు పోయి చిత్తడి, బురద, అక్కడక్కడ పచ్చిక. కొంగ్డూరిలో ఉంటే ఉంటుంది, అదీ మచ్చలు మచ్చలుగా. అఫర్వత్ మీద మాత్రం పుష్కలంగా ఉంటుంది.

మీ ట్రావెల్స్ అతను అబద్ధం చెప్పలేదన్నమాట. పేచీ ఎక్కడంటే, అప్పటికి మంచు మిగిలేది పైన, మీ పాప నేర్చుకోగలిగేది కింద. అఫర్వత్ వాలు నిటారు. చాలావరకు యంత్రంతో చదును చెయ్యని కొండ. నిన్న స్కీలు కట్టుకున్న మనిషిని అక్కడికి తీసుకెళ్లే గైడ్‌ని నేనైతే నమ్మను. 2024 ఫిబ్రవరిలో అటువైపే మంచు చరియ విరిగిపడి ఒక రష్యన్ స్కీయర్ పోయాడు, అతను కొత్తవాడేం కాదు.

ఇంకో సంగతి. అసలు సీజన్లోనే మంచు మాట నిలబెట్టుకోవడం లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్ ఎండిపోయి గోధుమ రంగులో ఉంది, నెలాఖరుకి గానీ మంచు పడలేదు. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మంచు చాలక వాయిదా పడి, మార్చి 9 నుంచి 12 దాకా జరిగాయి. ఈ మంచంతా మధ్యధరా వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లనే అల్పపీడనాల పుణ్యం. అవి ఎప్పుడొస్తే అప్పుడే పండగ. ఎవరు ఎవరికి పూచీ పడతారు?

సత్యనారాయణపురం శర్మ
ఆదివారం ఉదయం 11:05

ఔలీ సంగతి నేను చెబుతాను. ఆ ఊసే ఎత్తవద్దు. అక్కడ వాలులు 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్యే, మార్చి సగం దాటితే పని అయిపోయినట్టే. పైగా 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగిందే, అప్పుడు ఆపేసిన జోషీమఠ్-ఔలీ రోప్‌వే మళ్లీ నడవలేదు. బదరీనాథ్ యాత్ర దారే కాబట్టి ఆ రోడ్డు నాకు బాగా తెలుసు. రిషీకేశ్ నుంచి పొద్దున బయల్దేరితే జోషీమఠ్ చేరేసరికి చీకటి పడుతుంది. నందాదేవి శిఖరం కనబడటం మాత్రం అక్కడ కనబడినట్టు ఇంకెక్కడా కనబడదు, అది వేరే విషయం.

గుల్మార్గ్‌కే వెళ్లేట్టయితే ఒకసారి రైలు ఆలోచించండి. రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ణి, చెప్పకుండా ఉండలేను. అండమాన్ ఎక్స్‌ప్రెస్ బెజవాడ మీదుగా కట్రా దాకా పోతుంది. కట్రా నుంచి శ్రీనగర్‌కి 2025 జూన్ నుంచి వందే భారత్ నడుస్తోంది, చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున్న వంతెన దాటుతుంది. ఆ వంతెన కోసమైనా ఒక వైపు రైల్లో వెళ్లాలి.

కృష్ణలంక కుర్రోడు
ఆదివారం ఉదయం 11:20

శర్మ గారూ, వాళ్లకున్నది ఒక్క వారం. కట్రా చేరడానికే రెండు రాత్రులు దాటుతుంది. వంతెన చూసి వెనక్కి తిరగాలి ఇంక.

మనాలీ మస్తాన్
ఆదివారం మధ్యాహ్నం 1:30

ఇంత రాద్ధాంతం దేనికి భాయ్? మనాలీ వెళ్లండి. 2020 అక్టోబర్లో అటల్ టన్నెల్ తెరిచాక కథ మారిపోయింది. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం దాటితే లాహౌల్, అవతల సిస్సూ, కోక్సర్ రెండూ 3,000 మీటర్ల పైన. ఏప్రిల్లో రోడ్డు పక్కనే మంచు గోడలు. గుల్మార్గ్ ఖర్చులో సగం. గుంటూరు నుంచి మా బ్యాచ్ వెళ్లి చక్కగా ఎంజాయ్ చేసొచ్చాం.

ఢిల్లీలో తెనాలి
ఆదివారం మధ్యాహ్నం 2:10

మస్తాన్ భాయ్, మంచు చూడటానికైతే మీతో ఏకీభవిస్తా. కానీ సిస్సూలో, కోక్సర్లో స్కీయింగ్ పేరుతో జరిగేది ఏంటో మీకూ తెలుసు. పాత స్కీలు రెండు తగిలిస్తారు, ఒకతను చెయ్యి పట్టుకుని ఇరవై అడుగులు లాక్కెళ్తాడు, వీడియో తీస్తాడు, అయిపోయింది. లిఫ్టు లేనిచోట రోజంతా మెట్టెక్కినట్టు ఎక్కుతూ ఎంతని నేర్చుకుంటారు? మనాలీ పక్కన సోలాంగ్ లోయలో పద్ధతిగా నేర్పేవాళ్లున్నారు, మనాలీలోని ప్రభుత్వ పర్వతారోహణ సంస్థ శిక్షణ కూడా అక్కడే. అదంతా జనవరి నుంచి మార్చి లోపు ముచ్చట. ఏప్రిల్లో సోలాంగ్ అంటే పారాగ్లైడింగ్. రోహ్‌తాంగ్ కనుమ అంటారేమో, ఆ రోడ్డు మామూలుగా మే నెలకి గానీ టూరిస్టులకి తెరుచుకోదు.

మనాలీ మస్తాన్
ఆదివారం మధ్యాహ్నం 2:25

సరే భాయ్, స్కీయింగ్ అంటే మీ లెవెల్ వేరు. మా వాళ్లకి ట్యూబులో జారినా స్కీయింగే 😄

శ్రీను గారూ, ఒకవేళ మనాలీయే అనుకుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. సోలాంగ్ రోడ్డు పొడుగునా కోట్లు, గంబూట్లు అద్దెకిచ్చే కొట్లు నంబర్లు వేసుకుని ఉంటాయి. డ్రైవర్ ఏ నంబరు కొట్టు ముందు ఆపితే అక్కడే దిగకండి. రేటు అడిగి ఇంకో రెండు చూడండి. లోపల తడిగా ఉన్న గంబూటు ఇస్తే అక్కడికక్కడే మార్పించండి, ఆ చెమ్మతో సాయంత్రానికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

బ్రాడీపేట పద్మ
ఆదివారం సాయంత్రం 4:45

శ్రీను గారూ, మేం పిల్లలతో గుల్మార్గ్ వెళ్లింది మార్చి చివరి వారంలోనే. ఊళ్లో వాలులు అప్పటికే పనికిరాకుండా పోయాయి. మా ఇన్‌స్ట్రక్టర్ అబ్బాయి మమ్మల్ని గొండోలాలో కొంగ్డూరి తీసుకెళ్లి అక్కడ మెల్లటి వాలు మీద నేర్పించాడు.

ఆఖరి రోజుల మంచు తీరు వేరు. పగలు కరుగుతుంది, రాత్రి మళ్లీ గడ్డ కడుతుంది. రోజూ అలా జరిగి జరిగి రేణువులు రాళ్లుప్పులా తయారవుతాయి. పొద్దున్నే వెళ్తే పైన గాజు పలకే, స్కీ అంచు దిగదు, పిల్లలు నిలబడలేక ఏడుస్తారు. పదీ పదిన్నరకి పై పొర ఒక అంగుళం మెత్తబడుతుంది. అప్పటినుంచి పన్నెండు, ఒంటిగంట దాకా అమృత ఘడియలు. స్కీ చెప్పినట్టు తిరుగుతుంది, పడినా దెబ్బ తగలదు. మధ్యాహ్నం దాటాక మంచంతా నీళ్లు పట్టి స్కీలు అతుక్కుపోతాయి. మనిషి ముందుకెళ్తాడు, కాళ్లు ఆగిపోతాయి. మోకాళ్లు మెలిపడేది అప్పుడే. రాత్రి మబ్బు పట్టిందంటే ఆ గడ్డ కట్టడం కూడా ఉండదు, తెల్లారేసరికే చిత్తడి. కాబట్టి రోజుకి రెండు, మూడు గంటలే స్కీయింగ్ అనుకుని వెళ్లండి. రోజంతా అనుకుంటే నిరాశే.

స్కీ బూటు గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతా. గట్టి ప్లాస్టిక్, ముందు నాలుగు బకిల్స్. కాలు లోపలికి దూరడానికే ఐదు నిమిషాలు పట్టింది మా పెద్దవాడికి. మడమ వెనక్కి కొట్టి కూర్చోబెట్టి, కింది బకిల్స్ వదులుగా, చీలమండ దగ్గరది బిగించి పెట్టాడు ఆ అబ్బాయి. నిలబడితే పిక్క ముందు ఎముక బూటు నాలుకకి ఆనుతుంది, మోకాలు దానంతటదే వంగుతుంది. "వెనక్కి వాలితే బండి మీ చేతిలో ఉండదు" అని రోజంతా అదే మాట. ముందు నేర్పేది స్కీ ముక్కులు దగ్గరికి, తోకలు దూరంగా పెట్టి ఆగడం. ఆగడం వచ్చేదాకా జారనివ్వలేదు. మంచి గురువు దొరికాడనుకోండి.

తిండికి ఇబ్బంది లేదు. రాజ్మా చావల్, పనీరు, ఆలూ పరాఠా దొరుకుతాయి. మేం పులిహోర పొడి, కందిపొడి, చిన్న సీసాలో ఆవకాయ పట్టుకెళ్లాం, ఆ చలికి నూనె గడ్డ కట్టి స్పూను దిగలేదు.

చివరిగా, ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదు. మన రాష్ట్రం ప్రీపెయిడ్ జమ్మూ కశ్మీర్లో మూగబోతుంది. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మీ బాబుకి ముందే చెప్పండి.

గుంటూరు ఫిజియో
ఆదివారం రాత్రి 9:10

పద్మ గారు మోకాళ్ల మాట ఎత్తారు కాబట్టి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో స్కీయింగ్ దెబ్బలు అరుదు, మన ఊళ్లో ఎక్కువగా బైకు దెబ్బలే. కానీ మోకాలి లోపలి లిగమెంట్ ఎక్కడ తెగినా ఒకటే బాధ, నెలల తరబడి మంచం కుర్చీ.

వెళ్లడానికి నెల ముందు నుంచి రోజూ గోడ కుర్చీ వెయ్యండి. స్కూల్లో మాస్టారు వేయించిందే. అర నిమిషంతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. బెజవాడలో ఉన్నారు, ఇంద్రకీలాద్రి మెట్లున్నాయి, ఎక్కడం కంటే దిగడం ముఖ్యం. తొడ ముందు కండరం సాగుతూ బరువు మోసేది దిగేటప్పుడే.

స్కీలు అద్దెకిచ్చేచోట పిల్లల బరువు నిజం చెప్పండి. పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడిపోవాలి, దాని బిగువు బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, స్కీయింగ్ ఎంత వచ్చన్నది బట్టి పెడతారు. బరువు ఎక్కువ చెబితే ఊడాల్సిన చోట ఊడదు, కాలు తిరిగిపోతుంది. ఇంకా జారుతుండగానే లేవడానికి ప్రయత్నించవద్దు. పడ్డాక పూర్తిగా ఆగనివ్వండి.

బెజవాడ సముద్రమట్టానికి కొద్ది మీటర్లే. అక్కణ్ణుంచి ఒక్క రోజులో 2,650కి, మర్నాడే 3,950కి పోతే తలనొప్పి, వికారం రావచ్చు. మొదటి రోజు శ్రీనగర్లో పడుకోండి, రెండో దశ గొండోలా ఆఖరి రోజుల్లో పెట్టుకోండి. బీపీ, ఆస్తమా ఉంటే డాక్టర్‌ని అడిగి బయల్దేరండి.

కళ్లజోడు లేకుండా ఎవరినీ మంచు మీదికి పంపకండి. వెయ్యి మీటర్లు ఎక్కినకొద్దీ అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి మొహానికే కొడుతుంది. మార్చి, ఏప్రిల్ ఎండ జనవరి ఎండ కాదు. సన్‌స్క్రీన్ గడ్డం కిందా, ముక్కు కిందా కూడా రాయాలి, వెలుగు కింద నుంచి వస్తుంది కాబట్టి.

వన్‌టౌన్ బాబాయ్
సోమవారం ఉదయం 7:30

మంచూ మోకాళ్లూ సరే. 2025 ఏప్రిల్ 22 పహల్గాం మర్చిపోయారా అందరూ? మన రాష్ట్రం వాళ్లు కూడా పోయారు అందులో. ఆడపిల్లని తీసుకుని అక్కడికే వెళ్లాలా?

బ్రాడీపేట పద్మ
సోమవారం ఉదయం 8:05

మర్చిపోలేదు బాబాయ్ గారూ. ఆ తర్వాత చాలా చోట్లు మూసేసి, విడతలవారీగా తెరిచారు. వెళ్లాలా వద్దా అన్నది ఎవరింట్లో వాళ్లు తేల్చుకోవాల్సిందే, దానికి నేను ధైర్యం చెప్పలేను. బయల్దేరే వారం ముందు ప్రభుత్వం ఏం చెబుతోందో చూడాలి, టికెట్లు రద్దు చేసుకునే వీలున్నవే కొనాలి.

ఆటోనగర్ వెంకట్
సోమవారం ఉదయం 9:40

పాస్‌పోర్టులు ఉన్నాయా అన్నా? ఉంటే అల్మటీ చూడు. మా చెల్లెలు అక్కడే ఎంబీబీఎస్. కజకిస్తాన్ మనవాళ్లని 2022 నుంచి వీసా లేకుండా 14 రోజులు రానిస్తోంది. ఢిల్లీ నుంచి ఫ్లైటు నాలుగు గంటల లోపే. ఊళ్లోంచి 12 నంబరు సిటీ బస్సు ఎక్కితే మెదేవ్ స్కేటింగ్ రింకు, అక్కణ్ణుంచి గొండోలాలో షింబులాక్ స్కీ వాలులు. కింద 2,260 మీటర్లు, పైన 3,200 దాకా. రోజూ రాత్రి యంత్రాలతో చదును చేస్తారు, మంచు తక్కువైన చోట ఫిరంగుల్లాంటి మిషన్లతో తయారుచేసి చల్లుతారు. అందుకే ఆఖర్లో కూడా కొత్తవాళ్లకి దారి మిగులుతుంది. సీజన్ ఏప్రిల్ మధ్య దాకా లాగుతారు, అదీ ఆ ఏటి వాతావరణం బట్టే.

సత్యనారాయణపురం శర్మ
సోమవారం ఉదయం 10:00

అక్కడ గుర్రం మాంసం తింటారట కదండీ. శాకాహారం దొరుకుతుందా?

ఆటోనగర్ వెంకట్
సోమవారం ఉదయం 10:12

మనవాళ్లు వందల్లో చదువుతున్నారు శర్మ గారూ, మెస్సులో సాంబారు కూడా దొరుకుతుంది.

పటమట శ్రీను
సోమవారం రాత్రి 8:20

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పాస్‌పోర్టు నాకొక్కడికే ఉంది, కాబట్టి అల్మటీ ఈసారికి కాదు. ట్రావెల్స్ అతనికి ఫోన్ చేసి తెనాలి గారి ప్రశ్న అడిగాను. "ఫేజ్ టూలో సార్, పైన ఫుల్ స్నో" అన్నాడు. మరి స్కీయింగ్ నేర్పేది ఎక్కడ అంటే, "అది లోకల్‌గా మాట్లాడుకోవాలి సార్" అన్నాడు. అడ్వాన్స్ కట్టలేదు.

ఇక రెండే దారులు. ఏప్రిల్లో నలుగురం వెళ్లి స్కీయింగ్ వదిలేసి మంచు చూసి రావడం, లేదా మొత్తం మానేసి వచ్చే జనవరికి వాయిదా వెయ్యడం. పాపకి ఈ రెండూ నచ్చలేదు.

ఢిల్లీలో తెనాలి
సోమవారం రాత్రి 9:05

మూడో దారి ఉంది. పాప పరీక్షలు 20 ప్రాంతానికి అయిపోతాయన్నారు కదా. మర్నాడే ఇద్దరు బయల్దేరితే? ఆ పది, పన్నెండు రోజుల తేడా ఆఖరి సీజన్లో చాలా పెద్దది. కొంగ్డూరి వాలులో నేర్చుకునే అవకాశం ఇంకా ఉంటుంది. మార్చి 10 దాకా ఆగి, మంచు ఎంత ఉందో హోటల్‌వాళ్లని ఆ రోజు తీసిన వీడియో పంపమని అడగండి, వాతావరణ శాఖ శ్రీనగర్ కేంద్రం ఏం చెబుతోందో చూడండి, అప్పుడు బుక్ చేయండి. గన్నవరం నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి శ్రీనగర్. గొండోలా టికెట్ ఆన్‌లైన్లో ముందే తీసుకోవాలి. గాలి పెరిగితే రెండో దశ ఆపేస్తారు, దాన్నే నమ్ముకుని రోజు ప్లాన్ చేసుకోకండి.

తిరుగు ప్రయాణంలో శ్రీనగర్ ఎయిర్‌పోర్టుకి మూడు గంటల ముందే చేరండి. టెర్మినల్‌కి రాకముందే గేటు దగ్గర కారులోంచి సామానంతా దించి స్కాన్ చేస్తారు.

పద్ధతిగా కోర్సు కావాలంటే గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ వాళ్ల స్కీయింగ్ సంస్థ ఉంది, చలికాలం నడుపుతారు. డిగ్రీలో చేరాక జనవరిలో పంపండి.

పటమట శ్రీను
సోమవారం రాత్రి 9:30

అయితే పాపా నేనూ వెళ్లొస్తాం. వాడికి పరీక్షలు కదా, మా ఆవిడ ఇంటి దగ్గరుంటుంది. ఎలాగూ చలి పడదు.

శ్రీను గారి ఇంటావిడ
సోమవారం రాత్రి 10:45

నమస్కారం అండీ. పైన రాసిందంతా మా పాప చూపించింది. చలి పడదని నేనెప్పుడూ అనలేదు. డిసెంబర్లో మంకీ క్యాప్ లేకుండా పాల ప్యాకెట్ తేవడానికి దిగనిది ఆయనే.

పాపతో నేను వెళ్తున్నాను. ఆయన ఇక్కడే ఉండి పిల్లాడికి టెన్త్ పరీక్షల బాక్సులు కడతారు. గోడ కుర్చీ ఈ పూటే మొదలుపెట్టాం, పాప నలభై సెకన్లు, నేను పాతిక.

పద్మ గారూ, ఒకటి రెండు అడగాలి. వేసుకోవడానికి ఏం కొనాలి? ఇక్కడ స్వెట్టర్లు అమ్మే టిబెటన్ వాళ్లు ఎప్పుడో ఎత్తేశారు. బూట్లకి రెండేసి జతల ఊలు సాక్సులు వేసుకోవాలా?

కృష్ణలంక కుర్రోడు
సోమవారం రాత్రి 10:50

శ్రీను అన్నా 😂😂 ఉప్మా చెయ్యడం వచ్చా?

బ్రాడీపేట పద్మ
సోమవారం రాత్రి 11:15

అక్కా, రెండు జతలు అసలు వద్దు. ఒకటే జత, పల్చటిది, మోకాలి కింద దాకా పొడుగున్నది. రెండు వేస్తే లోపల మడతలు పడి పుండ్లు పడతాయి, రక్తం ఆడక చలి ఇంకా ఎక్కువవుతుంది. ఒంటికి కాటన్ వద్దు, చెమట పట్టి తడిసి వణికిస్తుంది. థర్మల్స్ ఒక జత, దాని మీద ఫ్లీస్, అది డెకత్లాన్‌లో ఏ కాలమైనా దొరుకుతుంది. పైన వేసుకునే నీళ్లు పట్టని ప్యాంటు, జాకెట్ గుల్మార్గ్‌లో అద్దెకిస్తారు, అంతదానికి కొనకండి. గ్లోవ్స్ మాత్రం సొంతవి కొనుక్కోండి. అద్దె గ్లోవ్స్ ముందురోజు ఎవరో తడిపినవే ఉంటాయి.

గుల్మార్గ్ హోటల్ బుక్ చేసేటప్పుడు గదిలో హీటింగ్ రాత్రంతా ఉంటుందా, కొన్ని గంటలేనా అని రాతపూర్వకంగా అడగండి. మంచం మీద వేసే ఎలక్ట్రిక్ బ్లాంకెట్ ఇస్తారా అని కూడా. శ్రీనగర్లో తిరుగు రోజు ఉంచుకోండి, మార్చి ఆఖర్లో జబర్వాన్ కొండల కింద తులిప్ తోట తెరుస్తారు, మీ తేదీలకి కలిసిరావచ్చు.

శ్రీను గారి ఇంటావిడ
సోమవారం రాత్రి 11:20

సరేనమ్మా, రాసుకున్నాను. పోస్ట్‌పెయిడ్ ఆయన నంబరే, అది నేను తీసుకెళ్తున్నాను.